మర్యాదకు అడిగిన మాట

బోధన్ రోడ్డు మీద చెరుకు లారీ వెనకాల మా బస్సు చిక్కుకుంటే చాలు, కిటికీలోంచి వచ్చే ఆ పచ్చి తీపి వాసనకు నాకు అనసూయక్క గుర్తొస్తుంది. మా పక్కిల్లే ఆమెది. పార్టీ పని మీద ఊళ్లు తిరిగేది. ఆడమనిషి జీపులో ఒంటరిగా పోతే లోకం ఊరుకునే రోజులు కావు కనుక, తోడుగా నన్ను ఎక్కించుకునేది. నాకు రాజకీయం తెలియదు కానీ మనుషుల మాటలు వినడమంటే మహా సరదా.

తూకం కోసం చెరుకు బళ్లు ఫ్యాక్టరీ ముందు పొద్దంతా వరసకట్టి ఉండేవి. మిగతా నాయకులు షామియానా వేసి జనాన్ని పిలిచేవారు. అక్క ఆ బళ్ల దగ్గరికే వెళ్లేది. ఉపన్యాసం ఉండదు, అన్నీ ప్రశ్నలే.

"కాలువ నీళ్లు ఏడిదాంక వచ్చినయ్ బాపూ?"

"మా పొలం కాడికి రాలే బిడ్డా. పైనోళ్లే మలుపుకుంటున్రు."

పక్క బండి కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ రైతుది. "మమ్మల్నంటారేంటండీ? మాకూ అందట్లేదు" అనేవాడు. అక్క ఇద్దరినీ ఒకే బండి నీడలో కూర్చోబెట్టేది. ఆ నీళ్ల సంగతి హైదరాబాద్‌లో చెప్తే వినేది జిల్లా అధ్యక్షుడి మాటే. అందుకే ఆ పదవి ఆమెకు కావాలి.

"మరి అడుగరాదా అక్కా?" అన్నాను ఓసారి.

"ఆడది అడిగితే ఆశపోతంటరు" అంది.

పార్టీలో ఓ మర్యాద ఉండేది. జిల్లా అధ్యక్షుడి ఎన్నిక రోజున ముందుగా అక్క పేరే చెప్పేవారు. ఆమె చేతులు జోడించి, "పెద్దలున్నరు, నాకెందుకు" అనాలి. అందరూ చప్పట్లు కొట్టాలి. ఆ తర్వాత అసలు పేరు, అంటే పాత అధ్యక్షుడైన పటేల్‌ గారిదే, బయటికొచ్చేది. ప్రతిసారీ ఇదే తంతు. చూస్తున్న నాకే ఒళ్లు మండేది.

ఆ ఏడు నిజామాబాద్ సభలో పటేల్‌ గారే నవ్వుతూ ఆమె పేరు చెప్పారు. అక్క లేచి చేతులు జోడించింది. చప్పట్లు అప్పుడే మొదలయ్యాయి.

"సరే అన్నా. మీ మాట నేనెట్ల కాదంట?"

చప్పట్లు ఆగిపోయాయి. "గట్లెట్ల?" అన్నారెవరో. ఊరికే అన్నామని నలుగురిలో చెప్పుకోలేక పటేల్‌ గారు కండువా సర్దుకున్నారు. వెనక వరసలోని చెరుకు రైతులు మళ్లీ చప్పట్లు అందుకున్నారు, ఈసారి ఆపకుండా.

తిరుగు దారిలో ఉండబట్టలేక అడిగాను. "ముందే అనుకున్నవా అక్కా, అప్పటికప్పుడు అన్నవా?"

"వాళ్లడిగిండ్రు, నేను సరే అన్న. ఇందుల తప్పేమున్నది?" అని నవ్వేసింది. తర్వాత ఆమె రాష్ట్ర కమిటీ దాకా వెళ్లింది, ఎన్నికల్లో టిక్కెట్లు ఎవరికివ్వాలో చెప్పే స్థాయికి ఎదిగింది. నా ప్రశ్నకు మాత్రం జవాబు చెప్పలేదు. ఇప్పటికీ తెలుసుకోవాలనే ఉంటుంది.

మా బాపు పోయాక అన్నలు వేల్పూర్ దగ్గరి భూమి పంచుకుంటూ, ఆడబిడ్డను అడగాలి కనుక అడిగారు. "నీకు గూడ భాగం గావాల్నా చెల్లె?" వద్దంటే చీర పెట్టి పంపడం మా వైపు ఆనవాయితీ. వదిన అప్పటికే చీర తెచ్చి పక్కన పెట్టింది.

"గావాలె అన్నా" అన్నాను.

పెద్దన్న చాలా కాలం నాతో మాటలు మానేశాడు. ఏడ్చాను కానీ మాట వెనక్కి తీసుకోలేదు. నా భాగానికొచ్చిన ఆ చెలక నేలలో ఈ ఏడు కూడా పసుపు వేయించాను.