సుగుణత్త కట్టిన రెక్క

మొన్న తొలకరి పడిన సాయంత్రం గుంటూరు బస్టాండులో ఎవరో పెద్దాయన నా పక్కన నిలబడి నల్లగొడుగు ముడిచాడు. తుప్పూ, పాత నూలూ కలిసిన ఆ తడిగుడ్డ వాసన తగలగానే నేనెక్కాల్సిన బస్సు సంగతి మర్చిపోయి, ఎనభైల్లో పర్చూరు దగ్గరి మా ఊళ్ళో, మిరప కల్లం పక్కన, ఈ భూమ్మీద ఇప్పుడెక్కడా లేని ఒక జంతువు రెక్క కింద కాసేపు నిలబడిపోయాను.

ఆ రోజుల్లో మా ఊరికి కాలాలు వాసనలతో వచ్చేవి. క్రిస్మస్‌కి ముందే పత్తి తీతలు మొదలై ఇంట్లో సగం గదులు దూదితో నిండిపోయేవి, పిల్లలం ఆ గుట్టల మీద దొర్లి జుట్టు నిండా తెల్లటి పోగులతో బడికి పోయేవాళ్ళం. పండక్కి అమ్మ వండిన అరిసెలు డబ్బా అడుక్కి చేరేవేళకి పొగాకు ఆకు కాల్చే బ్యారన్ కొట్ల తియ్యటి పొగ ఊరంతా పరుచుకునేది. ఆ తర్వాత నాన్న కౌలు చేలో మిరపకాయలు కోయించి ఇంటి ముందు కల్లంలో ఆరబోస్తే, మధ్యాహ్నపు గాలికి ఆ ఘాటు లోపలికి వచ్చి, ప్రార్థన చేసుకుంటున్న తాతయ్య కూడా ఆమేన్‌కి ముందు ఒక తుమ్ము తుమ్మేవాడు.

తాతయ్య రిటైరైన పాస్టరు. సుగుణత్త ఆయన కూతురు, నాన్నకి చెల్లెలు, మిషన్ హైస్కూల్లో సైన్సు టీచరు. ఆ ఏడు వాళ్ళిద్దరి మధ్యా మాటల్లేవు. ఒంగోలు నుంచి వచ్చిన ఒక సంబంధానికి తాతయ్య మాట ఇచ్చేశాడు. పెళ్ళయ్యాక ఉద్యోగం మానెయ్యాలని పెళ్ళికొడుకు అంటే, అత్త కాఫీ గ్లాసులు తీస్తూ, "అయితే నాకొద్దండి" అని అందరి ముందే చెప్పింది. ఆ రోజు నుంచి ఒకే వరండాలో ఆ చివర తాతయ్య పడక్కుర్చీ, ఈ చివర అత్త బల్ల, మధ్యలో నేను. "పాపా, మీ అత్తని అన్నానికి లెగమను" అని ఆయన, "తాతయ్య మాత్ర వేసుకున్నాడేమో కనుక్కో" అని ఆవిడ. ఎవరి మాట వాళ్ళకి వినపడుతూనే ఉండేది. అయినా నేను అటూ ఇటూ మోసేదాన్ని. మొయ్యకపోతే ఇల్లు ఆగిపోతుందేమోనని భయంగా ఉండేది.

ఆ మిరప కల్లాల కాలంలోనే బళ్ళో సైన్సు ఎగ్జిబిషన్ పెట్టారు. మిషన్ దొరలు వదిలిపోయిన బొమ్మల పుస్తకం ఒకటి తిరగేసి అత్త టెరనోడాన్‌ని ఎంచుకుంది. కోట్ల ఏళ్ళ కిందట సముద్రాల మీద తిరిగి అంతరించిపోయిన ఎగిరే సరీసృపం అది. పళ్ళు లేని పొడవాటి ముక్కు, తల వెనక్కి కొమ్ములా సాగిన ఎముక, ఉందా లేదా అన్నంత పొట్టి తోక. వరండా గచ్చు మీద సుద్దముక్కతో అత్త వాటి వంశం గీసింది: పొడవు తోకలవి ఒక శాఖ, పొట్టి తోకలవి ఇంకో శాఖ, పొట్టి తోకల్లో పళ్ళున్నవీ, లేనివీ, ఆ పళ్ళులేని వాటిలో మనవాళ్ళ ఇల్లు. "డైనోసార్లు వీటికి దాయాదులేగానీ ఒకే ఇంటివాళ్ళు కాదు. మొసలి దూరపు చుట్టం" అంది. గబ్బిలం ఏమవుతుందని అడిగితే, "ఏమీ కాదు. ఎగరడం ఎవరికి వాళ్ళు విడిగా నేర్చుకున్నారు" అంది.

ఆదివారం కోడికూరలో నాకు పడిన రెక్కముక్కని తిన్నాక అత్త పారెయ్యనివ్వలేదు. ఎముకలు కడిగించి, కోడి వేళ్ళు ఎలా కుదించుకుపోయి కలిసిపోయాయో చూపించింది. కరెంటు తీగ తగిలి బ్యారన్ పక్కన పడ్డ గబ్బిలం రెక్క విప్పి, దాని వేళ్ళు పుల్లల్లా పరుచుకున్న తీరు చూపించింది. "మనదానికి మాత్రం ఒకే వేలు రెక్కంతా మోసుద్ది. వాడరేవు పడవల్లో తెరచాపకి వాసం ఉన్నట్టు" అంటూ నా ఉంగరపు వేలు పట్టుకుని సాగదీసింది. ఆ వేలు అలా సాగి సాగి పత్తిచేల మీదుగా సముద్రం దాకా పోతే ఎట్లా ఉంటుందోనని ఆ పూటంతా చెయ్యి చాచుకుని తిరిగాను.

ఎముకలు బోలుగా ఉంటాయి కాబట్టి చేలగట్ల మీది ఆముదపు కాడలు కోయించింది, బరువు మోసే చోట వెదురు పెట్టింది. మిగిలిన మూడు చిట్టివేళ్ళకి తుమ్మముళ్ళు గోళ్ళయ్యాయి. మణికట్టు నుంచి మెడవైపు చూసే సన్నటి పుల్ల ఒకటి కట్టి, ఇది ఇంకే జంతువుకీ లేని ఎముక అని మురిసిపోయింది. అంతా కుదిరింది, రెక్క చర్మం తప్ప. అమ్మ పాత చీర వేస్తే బరువుకి వేలు వంగిపోయింది, పల్చటి కాగితం అంటిస్తే గాలికి చిరిగింది. ఎగ్జిబిషన్ దగ్గరపడింది. కూలీలు కల్లం ఎత్తి వెళ్ళిపోయాక అత్త ఆ ఎముకల గూడు ఒళ్ళో పెట్టుకుని తల వంచుకుని కూర్చుంది.

తాతయ్య పడక్కుర్చీలోంచి అడిగాడు. "పాపా, అది పిట్టో, పురుగో కనుక్కో."

"పిట్ట కాదు, పాకే జాతి అని చెప్పు" అంది అత్త, తలెత్తకుండా.

"బైబిలు ప్రకారం ఎగిరేవి పుట్టింది ఐదో రోజున. పాకేవి పుట్టింది ఆరో రోజున. మరి ఇది ఏ రోజుదో అడుగు."

నేను తిరిగి చూశాను. అత్త వంగిన వేలిని సరిచేస్తోంది. అప్పుడు తాతయ్య నా తల మీదుగా, నేరుగా అడిగాడు.

"ఏమ్మా సుగుణా, ఐదో రోజా, ఆరో రోజా?"

"తెలీదు నాన్నా" అంది అత్త.

"దేవుడు ఐదో రోజు సాయంత్రం మొదలుపెట్టి, ఆరో రోజు తెల్లారి పూర్తిచేసుంటాళ్ళే" అని ఆయన లేచి, లోపల కొక్కేనికి వేలాడుతున్న గొడుగు తెచ్చాడు. ఎండల్లో వానల్లో ఊరూరా ప్రార్థనలకి పట్టుకు తిరిగిన గొడుగు. కూతురి పక్కన గచ్చు మీద చతికిలబడి బ్లేడుతో కుట్లు ఒక్కొక్కటే విప్పాడు. అత్త గుడ్డ అంచు పట్టుకుంది. ఇద్దరి మధ్యా ఆ నల్లటి గుడ్డ బిగిసింది. దాంతో ఒక రెక్క పూర్తయింది. రెండో రెక్కకి నాన్న గొడుగు పోయింది.

బడి హాల్లో దూలానికి దాన్ని వేలాడదీస్తే కిటికీ గాలికి రెక్కలు నెమ్మదిగా లేచి వాలేవి. ప్రైజు మాత్రం లైట్లు వెలిగే డ్యాము బొమ్మకి ఇచ్చారు. తాతయ్య ఆ సంగతి పట్టించుకోకుండా రోజంతా దాని కిందే కుర్చీ వేసుకుని, వచ్చినవాళ్ళందరికీ, "గబ్బిలం కాదండి, ఒకే వేలు, చూడండి" అని చెప్పాడు. "ఎవరు చేశారు పాస్టరుగారూ?" అని ఎవరో అడిగితే, "మా అమ్మాయండి. ఇక్కడే టీచరు" అన్నాడు.

ఆ సంబంధం ఊసు ఆయన మళ్ళీ ఎత్తలేదు. చూపు మందగించాక అత్తే రోజూ బైబిలు చదివి వినిపించేది, మధ్యలో ఆపి ఇద్దరూ వాదించుకునేవాళ్ళు. మధ్యలో నా అవసరం లేకపోవడం నాకు కొంచెం వెలితిగా కూడా ఉండేది.

ఇప్పుడు తాతయ్య లేడు, బ్యారన్లు కూలిపోయాయి, ఆ హాలు ఉన్నచోట ఏదో షెడ్డు లేచింది. అత్త పెళ్ళి మాట లేకుండా రిటైరయ్యేదాకా పాఠం చెప్పి, కొన్నేళ్ళ కిందట పోయింది. ఈమధ్య చదివాను, ఆ జంతువులకి ఒంటి మీద మెత్తటి నూగు ఉండేదట. అత్త గచ్చు మీద గీసిన రెండు శాఖల లెక్క కూడా చెల్లదట, పొడవు తోకల వాటిలోంచే పొట్టి తోకలవి పుట్టుకొచ్చాయట. తాను చెప్పిన పాఠంలో తప్పుందని తేలితే సంబరపడి, మర్నాడు క్లాసులో ముందు అదే చెప్పే మనిషి మా అత్త. అంత సంబరంగా తన తప్పు తాను దిద్దుకునేవాళ్ళని నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు.