మంజులత గీసిన ఏనుగు

భూదాన్ పోచంపల్లిలో శివకుమార్ ఇల్లెక్కడని అడిగి చూడండి. దారి చూపించే ముందు జనం నవ్వుతారు. "గా బొమ్మల పుస్తకాల పిచ్చాయననా? గీ గల్లీల మూడో ఇల్లు" అంటారు. యాభై దాటిన మనిషి, బుద్ధి తెలిసినప్పటి నుంచి మగ్గం గుంటలో కాళ్లాడిస్తూ ఇక్కత్ చీరలు నేసిన మనిషి, ఆదివారం వచ్చిందంటే చాలు, నున్నగా తల దువ్వుకొని, గుడ్డసంచి భుజాన వేసుకొని హైదరాబాదు బస్సెక్కేవాడు. ఎందుకయ్యా అంటే పాత బొమ్మల కథల పుస్తకాలు ఏరుకోవడానికి. నవ్వరా మరి!

నవ్వేవాళ్లు అతన్ని కోఠీ ఫుట్‌పాత్ మీద చూడలేదు. పరిచిన పాత పుస్తకాల ముందు గొంతుకూర్చుంటే శివకుమార్ వేరే మనిషి. ఇంట్లో పది మాటలకు ఒక మాట పలికేవాడు అక్కడ బేరం మొదలుపెడితే అవతలివాడికి చెమటలు పట్టేవి. కావలసిన పుస్తకం కంటబడగానే ముఖం అటు తిప్పేసుకొని, తనకు అక్కర్లేని వంటల పుస్తకం ధర అడిగేవాడు. చివర్లో, పోనీలే అన్నట్టు, అసలుదాన్ని రెండు వేళ్లతో ఎత్తి "గీ చింపిరిది గూడ ఏస్తవా?" అనేవాడు. అట్టలూడిన రాకుమారులు, తోకలు తెగిన రాక్షసులు, ఆఖరి పేజీ లేక ఎప్పటికీ గుహలోనే ఉండిపోయిన మాంత్రికులు పది రూపాయలకు, పదిహేనుకు సంచిలోకి వచ్చేసేవాళ్లు. తడిసి ఎండిన కాగితం వాసన, వేళ్లకంటిన దుమ్ము, పుస్తకం సంచిలో పడగానే కడుపులో లేచే చిన్న గంతు. ఆ సంబరంతో వారమంతా మగ్గం ఆడేది.

అక్కడ పుస్తకాలమ్మే డానియల్ అతనికి దోస్తు. "శివన్నా, నీ కోసం ఓ మూట దాసిపెట్టిన. జర చాయ్ తాగి ఇప్పుదాం" అని కేకేసేవాడు. ఆ మూట విప్పుతున్నప్పుడు శివకుమార్ ముఖం చూస్తే, లోకంలో ఫికర్ అనేదే లేదనిపించేది.

ఫికర్ ఇంట్లో ఉంది. ఆమె పేరు మంజులత, అతని భార్య.

మంజులత పుట్టిల్లు పుట్టపాక. ఆరో తరగతిలో ఉండగా, తండ్రి చీరల డిజైన్లు గీసుకునే గళ్ల కాగితం మీద ఒక ఏనుగును గీసింది. ఆ ఏనుగులో వంపన్నది లేదు. తొండం మెట్లుమెట్లుగా దిగుతుంది, చెవులు చదరాలు, కాళ్లు నాలుగు మగ్గం గుంజలు. దాన్ని 'రెక్కలగుర్రం' అనే పిల్లల బొమ్మల మాసపత్రికకు పంపింది. వాళ్లు అచ్చువేశారు. కింద 'కె. మంజులత, ఆరవ తరగతి, పుట్టపాక' అని పేరు కూడా వేశారు. బడిలో సారు ఆ పుస్తకం తెచ్చి, పిల్లలందరికీ చూపించి, ఆమె చేతిలో పెట్టి, గంట కొట్టగానే తీసుకుపోయాడు. మళ్లీ అది ఆమె కంటపడలేదు. ఇంకొకటి తెప్పించే తెలివి ఆ ఇంట్లో ఎవరికుంది?

తర్వాత ముప్ఫై అయిదేళ్లలో ఆమె ఎన్ని డిజైన్లు గీసిందో! ఆమె గీసిన నెమళ్లు, చిలకలు ఎక్కడెక్కడి పెళ్లిపందిళ్లలోనో తిరిగాయి. చీర మీద దుకాణం పేరుండేది, గీసినామె పేరుండేది కాదు. రేషన్ కార్డు, ఓటరు కార్డు తీసేస్తే మంజులత పేరు అచ్చులో పడ్డది ఆ ఏనుగు కిందే.

"సచ్చేలోపల ఒక్కసారి నా పేరు సూసుకుంటె సాలు" అని పెళ్లయిన కొత్తలో నవ్వుతూ అంది. షుగర్ వచ్చి ఎడమ కన్ను మసకబారాక నవ్వకుండా అంది. కళ్ల డాక్టరు ఇద్దరినీ కూర్చోబెట్టి, ఎడమది పోయినట్టేననీ, కుడిది ఎన్నాళ్లుంటుందో తాను చెప్పలేననీ చెప్పాడు. దవాఖాన మెట్లు దిగుతూ మంజులత మొగుడి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఏమయ్య, నువ్వెట్లాగు పుస్తకాల ఎంబడి తిరుగుతవు గదా. నా ఏనుగు దొరుకుతదేమో సూడు. గీ కన్ను ఉండంగనే సూడు."

అంతకుముందు ఆదివారం ప్రయాణానికి సణిగేది. "మగ్గం ఇడిసిపెట్టి చిత్తుకాయితాలకు పోతాండు" అని గల్లీ అంతా వినేట్టు తిట్టేది. ఇప్పుడు తనే సద్ది కట్టి చేతికిచ్చేది. మొగుడి పిచ్చికి పెళ్లాం సెలవు దొరికింది. అతనికంతకన్నా ఏం కావాలి!

ఏ నెల సంచికో ఆమెకు గుర్తులేదు. వానలు పడుతున్నాయని మాత్రం గుర్తు, ఎనభై ఏడో ఎనభై ఎనిమిదో. రెండేళ్లు వెతికాడు. సాయంత్రం బస్సు దిగి వచ్చేసరికి ఆమె గుమ్మంలో ఉండేది.

"దొరికిందా?"

"ఇంక లేదే."

ఆ చలికాలంలో డానియల్ కొత్త కబురు చెప్పాడు. "అన్నా, పెద్ద హాల్ల కామిక్స్ మేళా అయితాంది. నేను గూడ ఓ టేబుల్ కిరాయికి తీసుకున్న. దేశం మీది పాత పుస్తకాలోళ్లంత వస్తరు. జర రా."

టికెట్టు కొని లోపలికి పోయిన శివకుమార్‌కు కళ్లు తిరిగాయి. ముసుగులేసుకున్నవాళ్లు, రెక్కలు కట్టుకున్నవాళ్లు, అట్టకత్తులు తిప్పేవాళ్లు! నీలం జుట్టు పెట్టుకున్న ఒక పిల్ల అతని పంచెను, భుజం మీది ఇక్కత్ రుమాలును ఎగాదిగా చూసి, "అంకుల్, మీరు ఏ వేషం వేసుకొచ్చారు?" అని అడిగింది. "వేషం గాదు బిడ్డా, నేను గిట్లనే ఉంట" అన్నాడు. ఆ పిల్ల అతని పక్కన నిలబడి ఫోటో దిగింది.

మంచి స్థితిలో ఉన్న పాత పుస్తకాలకు ప్లాస్టిక్ తొడుగులేసి వేలల్లో ధరలు రాశారు. శివకుమార్ వాటి వంక చూడలేదు. ఎక్కడ బల్ల కింద అట్టపెట్టె కనిపిస్తే అక్కడ కూలబడ్డాడు. మధ్యాహ్నం దాటాక, 'ఏది తీసుకున్నా ముప్ఫై' అని రాసిన పెట్టె అడుగున 'రెక్కలగుర్రం' ఒకటి చేతికి తగిలింది. ఆగస్టు, పందొమ్మిది వందల ఎనభై ఏడు. పేజీలు తిప్పుతూ పోయాడు. మెట్లుమెట్లుగా దిగే తొండం. కింద పేరు.

కళ్లనిండా నీళ్లు తిరిగి పేరు అలికినట్టయితే, రుమాలుతో తుడుచుకొని మళ్లీ చదివాడు. జీవితంలో మొదటిసారి బేరమాడకుండా డబ్బులిచ్చాడు. బయటికొచ్చి గోడవారగా కూర్చొని, పిచ్చివాడిలా తనలో తను నవ్వుకున్నాడు.

అక్కడి నుంచి తిన్నగా ఇంటికెళ్లి ఆమె చేతిలో పెట్టి ఉంటే ఈ కథ చెప్పే పని నాకుండేది కాదు.

బస్సులో పుస్తకాన్ని మళ్లీ తీసి చూశాడు. అట్ట లేదు. ఏనుగు పేజీ నిలువునా చిరిగి, పేరు దగ్గర పెళుసెక్కి ఉంది. సగం నేసిన చీరను ఎవరికీ చూపకూడదని అతని తండ్రి చెప్పేవాడు. పూర్తిచేసి, కోసి, మడతపెట్టాకే చేతికివ్వాలి. ఇంత విలువైనదాన్ని చింపిరిగా ఎలా ఇవ్వడం? బాగుచేసి, శ్రావణంలో పెళ్లిరోజున ఇద్దామనుకున్నాడు.

"దొరికిందా?" అంది గుమ్మంలో మంజులత.

"ఇంక లేదే" అన్నాడు. అబద్ధం అంత సులువుగా వచ్చినందుకు అతనికే ఆశ్చర్యమేసింది.

చిరిగినదాన్ని గట్టిపరచడానికి నేతగాడికి తెలిసిన మందు ఒక్కటే, గంజి. తెల్లవారుజామున వీధిలో పడుగు చాచి దారాలకు పట్టించే గంజే. ఆమె సంఘం మీటింగుకు పోయిన రోజు చూసి, అన్నం గంజిని రెండుసార్లు వడగట్టి, చిరుగు మీద, పేరు చుట్టూ మెత్తటి కుంచెతో రాసి, వెనక పల్చని కాగితం అంటించాడు. ఆరాక చూస్తే పేజీ కొత్త చీరలా పెళపెళలాడింది. అటక మీది రేకుపెట్టెలో, పుస్తకాల అడుగున దాచిపెట్టాడు. అప్పుడప్పుడు తీసి చూసుకొని మురిసిపోయేవాడు. ఎండలు ముదిరాక అదీ మానేశాడు.

ఆదివారం ప్రయాణాలు మాత్రం మానలేదు. పోయిన అట్ట వెతకడానికే పోతున్నానని తనకు తను చెప్పుకునేవాడు. సాయంత్రం ఆమె అడిగేది, ఇతను లేదనేవాడు. ఓరి నీ ఇల్లు బంగారం గానూ! ఆమెకున్నది ఒక్క కన్ను అని తెలిసి కూడానా?

ఆషాఢంలో ఒక పొద్దున, వాకిట్లో కూర్చొని, రంగు అంటకూడని చోట నూలుకు కట్లు కడుతున్న మంజులత చేతులాపింది.

"ఏమయ్య, నూలు మీద మసి పడ్డదా?"

"లేదు గదనే."

"మరి నాకు అంత నల్లగ కనిపిస్తాంది."

కంట్లో రక్తం కారిందన్నారు. ఇంజెక్షన్లు వేశారు, ఆపరేషన్ చేశారు. నెల తిరిగి ఇంటికొచ్చేసరికి వెలుతురేదో చీకటేదో ఆమెకు తెలుస్తోంది. అంతకుమించి తెలియదు.

ఇల్లు చేరిన రోజునే శివకుమార్ అటకెక్కి రేకుపెట్టె దించాడు. మిగతా పుస్తకాలు బాగానే ఉన్నాయి. 'రెక్కలగుర్రం' తెరిస్తే పొడి రాలింది. గంజి రాసినంత మేరా పురుగు తినేసి, పేజీ జల్లెడయింది. గంజి పెట్టిన నూలును నిల్వ ఉంచితే పురుగు పడుతుందని నేతింట పుట్టిన పసిపిల్లకు కూడా తెలుసు. నూలు దగ్గరుండే బుద్ధి కాగితం దగ్గర ఏ గంగలో కలిసిందో! ఏనుగుకు ఒక చెవి, రెండు కాళ్లు మిగిలాయి. పేరు పోయింది. 'ఆరవ తరగతి, పుట్టపాక' అన్నది చెక్కుచెదరకుండా ఉంది.

చాలాసేపు దాన్ని పట్టుకొని కూర్చున్నాడు. చెప్పకపోతే ఆమెకు తెలిసే దారే లేదు. ఆ పాడు ఆలోచన కూడా వచ్చింది. చివరికి లేచి వెళ్లి, మంచం మీదున్న ఆమె ఒళ్లో పుస్తకం పెట్టాడు.

"నీ ఏనుగు దొరికింది."

మంజులత ముఖం వెలిగిపోయింది. రెండు చేతులతో పుస్తకాన్ని తడిమింది. "దొరికిందా? ఏడున్నది, నా పేరేడున్నది? నా ఏలు దాని మీద పెట్టు."

అతను ఆమె వేలు పట్టి అక్కడ పెట్టాడు. దారంలో ముడి పడితే చీకట్లోనైనా పట్టుకునే వేలు అది. ఒకసారి అటూ ఇటూ కదిలి ఆగిపోయింది.

"గీడ కాయితమే లేదు."

"పురుగు తిన్నది. గంజి పెట్టిన."

"ఎప్పుడు పెట్టినవ్?"

అతను పుస్తకం అంచు సర్దాడు.

"దవాఖానల నా పక్కనే ఉంటివి. మరెప్పుడు తెచ్చినవ్, ఎప్పుడు గంజి పెట్టినవ్?"

"సలికాలంల."

ఆమె వేళ్ల మీద నెలలు లెక్కపెట్టుకుంది. "నాకు సూపున్నది అప్పుడు. మంచిగున్నది."

"బాగుజేసి ఇద్దామనుకున్న మంజులా. నీ మీద ఒట్టు."

"దొరికినంక గూడ ఆదివారం ఆదివారం పోయినవు గదా. వచ్చినప్పుడల్ల అడిగితిని, లేదంటివి. ఎందుకు పోయినవ్?"

ఆ ప్రశ్న అతను తనను తాను ఎన్నడూ అడగలేదు. అడిగించుకున్నాక, అబద్ధం చెప్పే ఓపిక కూడా లేకపోయింది.

"నీకిచ్చేస్తె ఇగ పోనీకి సాకుండదనుకున్న" అన్నాడు. అని, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఆమె ఏడవలేదు, తిట్టలేదు. తిట్టినా బాగుండేదని అతను ఈనాటికీ అంటాడు. పుస్తకాన్ని మూసి, ఒడిలో రాలిన పొడిని చేత్తో దులిపింది.

"ఎట్లున్నది ఏనుగు? మంచిగ గీసిన్నా?"

"మస్తుగ గీసినవ్."

"పోనీ, గన్ని నెలలు నువ్వన్న సూసినవ్" అంది మంజులత, అటు తిరిగి పడుకుంటూ.