చేపమ్మ కట్టిన అరువు చీర

నవ్వే తల్లి కన్నా ఏడ్చే తల్లే పిల్లను బాగా పెంచుతుందని ఎవరు తేల్చారు? ఎన్ని పుస్తకాలు తిరగేసినా నాకింకా జవాబు దొరకలేదు.

చేపమ్మ మా పై వాటాలో ఉండేది. ఈత నేర్పడం ఆమె పని. ఆ పేరు ఆమె దగ్గర నేర్చుకునే పిల్లలు పెట్టింది. విడిగా ఉంటున్న భర్త, కూతుర్ని తనకే ఇప్పించమని కోర్టుకెక్కాడు. పగలంతా నీళ్లలో ఉండి, తడిజుట్టుతో నలుగురిలో తిరిగే మనిషికి తల్లి లక్షణాలు లేవని అతని వాదన.

"కాస్త తల్లిలా కనబడమ్మా," అన్నాడు ఆమె లాయరు.

"ఇప్పుడెవరిలా ఉన్నానండీ?" అంది.

నా బూడిదరంగు చీర అరువిచ్చి, జుట్టు బిగించి ముడేశాను. అద్దం ముందు ఏడుపు నేర్పబోయి ఇద్దరం పొట్టలు పట్టుకుని మంచం మీద పడ్డాం.

"పిన్నీ, అక్కడా ఇలాగే నవ్వితే పిల్ల పోతుంది," అంటూ కళ్లు తుడుచుకుంది.

కోర్టులో అవతలి లాయరు 'మాతృమూర్తి' అన్నప్పుడల్లా ఆమెకు నవ్వు తన్నుకొచ్చింది. ఆపుకోవడానికి తనకొచ్చిన విద్యే వాడింది: ఊపిరి బిగబట్టింది. ముఖం కందగడ్డయింది. దుఃఖం పొంగిందనుకుని జడ్జిగారు, "ఆమెకు మంచినీళ్లివ్వండి," అన్నారు. చేపకు నీళ్లు! నేను వెంట తెచ్చుకున్న పుస్తకంలో తల దూర్చాను.

తర్వాత జడ్జిగారు భర్తనడిగారు: "పాపను మీరే చూసుకుంటారా?"

"నాకు ఆఫీసుంటుంది కదండీ. మా అమ్మ చూస్తుంది."

"ఆవిడ పనికెళ్తే నేరం, మీరెళ్తే కారణమా?"

అతను నోరు తెరిచేలోగా వెనక బెంచీలోంచి అత్తగారు లేచింది. "నన్నడిగావట్రా?"

"అమ్మా, నువ్వు కూర్చో."

"నిన్ను పెంచేసరికే నా తాతలు దిగొచ్చారు. మళ్లీ మొదట్నుంచా? నాకు ఖాళీ లేదు. సాయంత్రాలు ఈతకెళ్తున్నా."

"ఈతా? ఎక్కడ?"

ఆవిడ కోడలివైపు వేలు చూపించింది. "వెల్లకిలా తేలడం వచ్చేసింది. మునగడమే ఇంకా భయం."

చేపమ్మ బిగబట్టిన ఊపిరంతా ఒక్కసారి బయటపడింది. ఆ నవ్వుకు ముడి ఊడి జుట్టు వీపంతా పరుచుకుంది. జడ్జిగారు ఫైలు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. భుజాలు మాత్రం ఊగుతున్నాయి. చివరికి గొంతు సవరించుకుని, "పాప తల్లి దగ్గరే ఉంటుంది. మిగతా నవ్వు బయట నవ్వుకోండి," అన్నారు.

నేను కళ్లజోడు వెతుక్కుని మెట్లు దిగేసరికి చేపమ్మ స్కూటరు కదిలిపోతోంది. ముందు పాప, వెనక అత్తగారు. క్లాసుకు వేళ మించిపోతోంది మరి. చేపమ్మ వెళ్లొస్తానని కూడా అనలేదు. చక్రంలో పడకుండా నా చీర కొంగును అత్తగారు ఒళ్లో మడిచి పట్టుకుంది.