తక్కాళి బండి ఇంగ్లీషు మాట్లాడిన పొద్దు

మొగుణ్ణి రెండుసార్లు పోగొట్టుకున్న ఆడదాన్ని మీరెక్కడా చూసుండరు. ఇదో, నన్ను చూడండి. మొదటిసారి దేవుడు తీసుకుపోయినాడు, అందులో నా తప్పేమీ లేదు. రెండోసారి తీసుకుపోయింది మాత్రం నా కుడిచేతి చూపుడువేలు. ఆ వేలు ఇంకా నా చేతికే ఉంది. దాంతోనే చెవి గోక్కుంటా ఈ కథ చెప్తా ఉన్నాను. రాసేది నా కూతురు సెల్వి. నవ్వకుండా రాయవే.

మాది తిరుమంగళం పక్కన నల్లరేగడి ఊరు. ఇంట్లో తెలుగు, వాకిలి దాటితే అరవం. మా ఆయన నాకు మేనమామ కొడుకు, మా పక్క బావనైనా మావా అనే పిలుస్తాం. వాన మొహం చాటేసి సేద్యం సాగని కాలంలో మావ ఒక లోడ్ ఆటో కొన్నాడు. ఒట్టన్‌చత్రం మార్కెట్టుకు పోయి తక్కాళి, వంకాయ, బెండకాయ ఎత్తుకొచ్చి వీధివీధీ తిప్పేవాడు. తక్కాళి అంటే మీ టమాటానే, భయపడొద్దు. బండి నెత్తిన స్పీకరు. స్పీకరుకు గుచ్చిన పెన్ డ్రైవ్. పెన్ డ్రైవ్‌లో మావ గొంతు.

ఆ గొంతు ఎట్లుండేదంటే, రంపానికి వెన్న రాసినట్టు. కోసుకుంటా పోయేది, కానీ నొప్పి తెలిసేది కాదు. అరవం వీధుల్లో అరవంలో కేక. మన తెలుగోళ్ళ వీధి రాగానే తెలుగు: "అక్కా, వదినా, అత్తా, పొయ్యి తగ్గించి బయటికి రండి. ఒట్టన్‌చత్రం తక్కాళి వచ్చింది, కొత్తపెళ్ళికూతురు బుగ్గ మాదిరి ఉంది." పొయ్యి తగ్గించమని చెప్పే కూరగాయలాయన్ని మీరు విన్నారా? నేను కూడా ఇంకొకణ్ణి వినలేదు.

మావ గుండెనొప్పితో పోయినాక బండి మా మరిది ముత్తు నడుపుతున్నాడు, నేను తూకం వేస్తున్నాను. గొంతు మాత్రం మార్చలేదు. మనిషి మట్టిలో పడుకున్నాడు, గొంతు డ్యూటీకి తప్పకుండా వచ్చేది. ఒకటే ఇబ్బంది, ఆయన అరిచేది ఆ కాలపు ధర. నేను చెప్పేది ఈ కాలపు ధర.

"అన్న ఒక మాట చెప్తా ఉంటే నువ్వొక మాట చెప్తావేందమ్మా రాజమ్మా?" అని మూల ఇంటి సుబ్బక్క అడిగేది.

"ఆయన పైన కూర్చుని చెప్తాడక్కా. కిందికొచ్చి కొనమను, తెలుస్తుంది."

బతికినప్పుడూ నా లెక్క ఆయనకు నచ్చలేదు, పోయినాక కూడా నచ్చలేదు. నేను పైకి విసుక్కునేదాన్నే కానీ, పొద్దున బండి కదిలి ఆ గొంతు మొదలయ్యేటప్పటికి నా చెయ్యి దానంతట అది పోయి కొంగు సర్దుకునేది. ఎవరు చూస్తారని? ఎవరూ చూడరు. అలవాటు.

ఆ గొంతు ఇంకెక్కడా లేదు. ఫోటోలున్నాయి, అవి మాట్లాడవు. ఆయన ఫోను ఆయన ఉన్నప్పుడే బావిలో పడింది. ఒక మనిషికి ఒక గొంతు, ఆ గొంతుకు ఒక పెన్ డ్రైవ్, చాల్లే అనుకున్నాను. కాపీ అనే మాట అప్పట్లో నాకు పరీక్షల్లో పిల్లలు చేసే తప్పుగానే తెలుసు.

ఇంక ఆయుధపూజ వచ్చింది. మా పక్క ఆ పండగకి పనిముట్టు అన్నదాన్నల్లా కడిగి, గంధం పూసి, కుంకం బొట్టు పెట్టి దేవుడి ముందర పెడతాం. మర్నాడు విజయదశమికి ఎత్తుకుని పని మొదలుపెడతాం. తక్కెడ పెట్టినాను, రాళ్ళు పెట్టినాను, కత్తి పెట్టినాను, బండి తాళం పెట్టినాను. కడగరానిది కాబట్టి పెన్ డ్రైవ్‌ను కొంగుతో తుడిచి పెట్టినాను. సెల్వి కంప్యూటరు క్లాసుకు పోతా ఉంది, దాని పనిముట్టు లాప్‌టాప్, అదీ పెట్టినాను. సెకండ్ హ్యాండులో కొన్న ఆ లాప్‌టాప్ అప్పటికే కన్ను మూసి ఉంది. నొక్కితే నల్లగా చూస్తుంది, అంతే. దాని పక్కన సెల్వి పెన్ డ్రైవ్. అదీ నలుపే, ఇదీ నలుపే. రెంటికీ నా చేత్తోనే గంధం, నా చేత్తోనే కుంకం. కవలపిల్లలకు ఒకే రకం చొక్కా తొడిగిన తల్లి మాదిరి వెనక్కి జరిగి మురిసిపోయినాను కూడా.

మర్నాడు పొద్దున సెల్వి ఎవరో స్నేహితురాలి లాప్‌టాప్ అడిగి తెచ్చుకుని కూర్చునింది.

"అమ్మా, పూజ చేసినావు కదా, ఈ పొద్దు దీన్ని లేపేస్తా."

"ఎట్లా లేపుతావే?"

"కంప్యూటరును నడిపించే సామానంతా పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించాల. అది గుచ్చి స్విచ్ వేస్తే చచ్చింది లేచి కూర్చుంటుంది. ఎక్కించే పనిముట్టు ఇంటర్నెట్‌లో ఫ్రీగా దొరుకుతుంది."

"ఫ్రీగా ఎవడిస్తాడే? లోపల పుచ్చు ఉంటుంది."

"కూరగాయలు కొన్నోళ్ళకి కరివేపాకు నువ్వు ఊరికే ఇయ్యవా?"

అట్లాంటి పనిముట్లు నాలుగైదు రకాలున్నాయంట. ఒకటి చిన్నది, చప్పున పని ముగించేది. ఇంకొకటి ఒకే పెన్ డ్రైవ్‌లో రకరకాల సామాను పెట్టుకోనిచ్చేది. మరొకటి చూడ్డానికి ముద్దుగా, మూడు నొక్కుళ్ళలో అయిపోయేది. నేను కూర్చుని బెండకాయ కొస విరిచి చూసినట్టు అన్నింటినీ చూసి, "ఆ ముద్దుగా ఉండేది తీసుకో" అన్నాను. అందంగా ఉండేదాన్ని నమ్మడం నాకు పుట్టుకతో వచ్చిన రోగం. మావను అట్లే నమ్మినాను.

"నా పెన్ డ్రైవ్ ఇట్లివ్వమ్మా."

నేను దేవుడి ముందర నుంచి ఒకటి ఎత్తిచ్చినాను. ఇంకొకటి ఎత్తి ముత్తు చేతికిచ్చి బండికి పెట్టమన్నాను. ఎంత ఘనంగా ఇచ్చినానంటే, రాజ్యం పంచిపెట్టే రాణి కూడా అంత ఘనంగా ఇయ్యదు.

సెల్వి గుచ్చింది, ఏదో నొక్కింది, తెర మీద ఒక పెట్టె లేచింది. సరిగ్గా అప్పుడే వీధి కొళాయికి నీళ్ళొచ్చినాయి. మా వీధిలో నీళ్ళొస్తే పీటల మీద పెళ్ళికూతురైనా లేచి పరిగెత్తాల్సిందే. సెల్వి బిందెలు రెండు చంకన పెట్టుకుని, "ఏమీ తాకొద్దమ్మా, వచ్చి చూసి నొక్కుతా" అని పోయింది.

నేను ఆ పెట్టెను చూస్తున్నాను. అది నన్ను చూస్తా ఉంది. ఇంగ్లీషులో ఏదో అడుగుతా ఉంది. నాకు అరవం అక్షరాలే కూడబలుక్కుంటే కానీ రావు, ఇంగ్లీషేం వస్తుంది? కానీ ఫోనులో పెట్టె లేచినప్పుడల్లా 'సరే' నొక్కితే పోతుందని తెలుసు. ఇంటికొచ్చినోళ్ళు ఒక మాట అడిగి వాకిట్లో నిలబడి ఉంటే బదులు చెప్పకుండా కూర్చోవడం మర్యాదా చెప్పండి? నొక్కినాను.

ఒక పచ్చ గీత మొదలైంది. మడిలోకి నీళ్ళు పారినట్టు మెల్లగా, నిండుగా పాకుతా ఉంది. నాకు ఎంత సంతోషమంటే, లేచిపోయి కర్పూరం వెలిగించి ఆ గీతకు హారతి పట్టినాను. సెల్వి నీళ్ళతో వచ్చి చూసింది.

"నొక్కినావా?"

"నొక్కినా."

"సరే పో. ఎట్లాగూ అదే నొక్కాల. నా పాత ఇంగ్లీషు పాఠాలే కదా పోయేది."

గీత నిండింది. చచ్చిన లాప్‌టాప్‌కు గుచ్చితే అది నిజంగానే లేచి కూర్చునింది. నేను కంట నీళ్ళు పెట్టుకున్నాను. పోయినోళ్ళు లేచొచ్చే ఉపాయం లోకంలో ఫ్రీగా దొరుకుతా ఉందే, మనుషులకు ఎందుకు కనిపెట్టలేదు అనుకున్నాను. ఆ అనుకోవడం కూడా బండెక్కే వరకే.

బండి తెలుగోళ్ళ వీధి మలుపు తిరిగింది. ముత్తు స్పీకరు వేసినాడు. నేను కొంగు సర్దుకున్నాను. స్పీకర్లోంచి ఒక దొరసాని లేచి, "గుడ్ మార్నింగ్. హౌ ఆర్ యూ? ఐ యామ్ ఫైన్. రిపీట్ ఆఫ్టర్ మీ" అనింది.

ముత్తు బ్రేకు వేసినాడు. తక్కాళి గంప నా ఒళ్ళో పడింది. సుబ్బక్క చీపురు పట్టుకుని వాకిట్లోకి వచ్చింది.

"ఏమ్మా రాజమ్మా, ఇంక ఇంగ్లీషులోనే అమ్ముతావా?"

"లేదక్కా, ఏదో మారిపోయింది."

"అన్న ఏడీ?"

మామూలుగా అడిగింది, పక్క ఊరికి పోయినోణ్ణి అడిగినట్టు. దొరసాని మళ్ళీ "ఐ యామ్ ఫైన్" అంటా ఉంది. నాకు అప్పుడు తెలిసింది, పొద్దున నేను హారతి పట్టింది దేనికో.

ఇంటికి ఎట్లా వచ్చినానో నాకు తెలియదు. సెల్వి ఆ పెట్టె ఏమడిగిందో అప్పుడు చదివి చెప్పింది: ఇందులో ఉన్నదంతా పోతుంది, సరేనా అని అడిగిందంట. ఎంత పద్ధతిగా అడిగింది చూడండి. దొంగ కూడా అంత చెప్పి తీసుకుపోడు.

"తుడిచేసింది వెతికే పనిముట్టు కూడా ఫ్రీగా ఉందమ్మా," అనింది సెల్వి. "కొత్త సామాను ఎక్కిన చోట పాతది పోయినట్టే. ఎక్కని మూలలో ఏదన్నా మిగిలుంటే దొరుకుతుంది."

"దున్నేసిన మడి పోయినా గట్టు మీద మొలక ఉంటుంది అంటావు."

"అంతే."

పొద్దు గుంకేదాకా వెతికింది. సగం తెగిన పాటలొచ్చినాయి. మావ కేక రాలేదు. పొయ్యి తగ్గించండి అన్న మాట రానే లేదు. ఆఖర్న ఏదో ఒకటి తగిలింది. సెల్వి విని, నా మొహం చూసి, మళ్ళీ మొదట్నించి పెట్టింది. మైకుసెట్టు కొట్లో రికార్డు చేయించేటప్పుడు చెడిపోయిందని మావే తీసేసిన ముక్కంట అది. బాగా వచ్చింది పోయింది, పనికిరాదన్నది మిగిలింది.

"ఒట్టన్‌చత్రం తక్కాళి... ఆ తరవాత ఏందే?"

"వంకాయ మావా. రోజూ అమ్మేది మర్చిపోతావా?" ఇది నా గొంతు. పక్కన నేనున్నానని నాకే గుర్తు లేదు.

"మైకు చూస్తే నాలుక ఎండిపోతా ఉంది."

"పెళ్ళి పీటల మీద కూడా ఇంతే. నీళ్ళు తాగు."

గుటకల చప్పుడు.

"నావల్ల కాదు. నువ్వే కేకెయ్యి. నీ గొంతు ఊరి చివర దాకా పోతుంది."

"ఆడది కేకేస్తే ఎవరొస్తారు?"

"నేనొస్తా."

తరవాత ఇద్దరం నవ్వినాం. నవ్వు మధ్యలో తెగిపోయింది. అంతే ఉంది.

మర్నాడు స్పీకరు ఇంట్లో పెట్టి బండెక్కినాను. తెలుగోళ్ళ వీధిలో నిలబడి, "అక్కా, వదినా, అత్తా" అని నేనే కేకేసినాను. ముత్తు అదిరిపడి చెవులు మూసుకున్నాడు. చెట్ల మీది కాకులు లేచినాయి. వీధంతా వచ్చింది, సుబ్బక్క అందరికంటే ముందర వచ్చింది. ఈ పొద్దటికీ కేకేస్తే అందరూ వస్తారు. నేనొస్తా అన్నాయన ఒక్కడే రాలేదు.

ఇప్పుడు ఆ ముక్క సెల్వి ఫోనులో ఉంది, నా ఫోనులో ఉంది, ముత్తు ఫోనులో ఉంది, లేచి కూర్చున్న లాప్‌టాప్‌లో ఉంది. బతికినప్పుడు ఒక చోట నిలవని మనిషి, ఇప్పుడు ఇంటి నిండా ఉన్నాడు.

కాబట్టి మా కులదేవత సాక్షిగా, ఈ కథ వింటున్న మీ అందరి ఎదుటా ఒట్టు పెడుతున్నాను. ఇంక ఈ జన్మలో ఏ పెట్టె లేచి ఏమడిగినా, ఎవరిచేతన్నా చదివించుకోకుండా 'సరే' అనను. బ్యాంకులో అడిగినా అనను, దేవుడే ఇంగ్లీషులో అడిగినా అనను. మావ వచ్చి వాకిట్లో నిలబడి, తీసుకుపోతా, సరేనా అంటే మాత్రం, ఆ ఒక్కదానికి చదివించుకోను.