ఒక్క బిళ్ల చీటీ కోసం రేపల్లె నుంచి బాపట్ల దాకా

నాలుగేళ్లుగా నెలకోసారి రేపల్లె నుంచి తెనాలి వెళ్లి, అదే డాక్టరు ముందు కూర్చుని, అదే ప్రెషర్ బిళ్ల రాయించుకుని వస్తున్నాను. ఆయన నా ముఖం కూడా చూడడు. పాత చీటీ కింద కొత్త తేదీ వేస్తాడు, అంతే. ఆ ఒక్క తేదీకి సగం రోజు పోతుంది. మొన్న ఆదివారంతో బిళ్లలు అయిపోయాయి. మా వీధి మందుల షాపులో అడిగితే, చీటీ పాతదైంది, కొత్తది తెమ్మన్నారు. దేవుడి దగ్గరికి ఏ చీటీ లేకుండా వెళ్లవచ్చు గాని, బిళ్ల దగ్గరికి వెళ్లడానికి లేదు! గురువారం సాయంత్రం బాపట్ల దగ్గర సముద్రపు ఒడ్డు పల్లెలో నేను వాక్యం చెప్పాలి. పోయిన వేసవిలో ఆ పల్లెలోనే, బిళ్ల వేసుకోవడం మరిచి, ప్రసంగం మధ్యలో వేదిక మీద కూలిపోయాను. ఈసారి మూడు రోజులుగా బిళ్లే లేదు. మెడ వెనక పట్టేసింది. మళ్లీ పడితే లేస్తానన్న నమ్మకం నాకు లేదు.

అందుకని గురువారం తెల్లవారగానే రేపల్లెలో తెనాలి పాసింజరు ఎక్కాను. టికెట్టు ఒక టీ ఖరీదుకు మించదు, గంటకు పైగా ప్రయాణం. ఎండ ముదరకముందే వెళ్లాలనుకునేవారికి ఈ బండే మేలు. జంపని దాటేదాకా ఒడిలో వాక్యగ్రంథం పెట్టుకుని సాయంత్రం చెప్పవలసిన భాగం చదువుకున్నాను. తెనాలిలో దిగి, స్టేషను బయట నాలుగు ఇడ్లీలు తిని, క్లినిక్కుకు నడిచాను. తలుపు సగమే తెరిచి ఉంది. లోపల కాంపౌండరు కుర్చీలు తుడుస్తున్నాడు.

“సార్ పెళ్లికెళ్లారండి. సోమవారం రండి.”

“సోమవారం దాకా నేనుండాలి కదయ్యా! తేదీ వేయడానికి ఇంకెవరూ లేరా?”

“నేను వేస్తే నన్ను లోపల వేస్తారండి.”

అతని మీద అరిచి లాభం లేదని తెలుసు. అయినా అరిచాను. ఆ అరుపుకు మెడ ఇంకాస్త పట్టేసింది, అదొక్కటే ఫలితం. సాయంత్రం వాక్యానికి ఎలాగూ వెళ్లాలి, బాపట్లలోనైనా ఎవరైనా రాసిస్తారేమోనని పదిన్నర దాటాక చీరాల వైపు వెళ్లే బండి ఎక్కాను. తెనాలి నుంచి బాపట్లకు గంటలోపే. కూర్చోవడానికి చోటున్నా కూర్చోలేక అటూ ఇటూ తిరుగుతుంటే, ఎదుటి సీటులో పనిముట్ల సంచితో ఉన్న మనిషి పలకరించాడు. పేరు మస్తాన్ అట, తెనాలిలో కుట్టుమిషన్లు బాగుచేస్తాడట, పని మీద పేరాల వెళుతున్నాడట.

“ఏంటండి అయ్యగారూ, తలుపు దగ్గరికీ కిటికీ దగ్గరికీ తిరుగుతున్నారు? టికెట్ లేదా?”

“టికెట్ ఉంది భాయ్. చీటీయే లేదు.”

సంగతంతా విని నవ్వాడు. “దానికి ఇంత దూరం తిరగాలా? గవర్నమెంటోళ్ల ఫోను డాక్టరున్నారు కదండి. మా ఇంట్లోవాళ్ల థైరాయిడ్ బిళ్ల అందులోనే రాయిస్తున్నాను. పైసా అక్కర్లేదు.”

నా ఫోను తీసుకుని పేరు, వయసు అన్నీ అతనే కొట్టాడు. ఏదో నెంబరు వచ్చింది, అది కొట్టేలోపు సిగ్నలు పోయింది, మళ్లీ మొదటికొచ్చింది. ఎలాగో నిడుబ్రోలులో బండి ఆగినప్పుడు తెర మీద ఒక డాక్టరమ్మ కనిపించింది. గ్రంథానికి ఫోను ఆనించి, కళ్లజోడు సర్దుకున్నాను.

“ఏంటండి ఇబ్బంది?”

“ప్రెషరమ్మా. చీటీ కావాలి.”

“మందు తీసుకుంటున్నారా?”

నా ఒళ్లు మండిపోయింది. “మందా? నన్నా తల్లీ ఆ మాట అడిగేది? పాతికేళ్లుగా ఊరూరా తిరిగి మందు మానండని చెబుతున్నవాణ్ణి! జీవితంలో చుక్క ముట్టలేదు!”

“అంటే, ఇంతవరకూ ఏ మందూ వాడలేదా?”

“లేదంటే లేదు!”

“అయితే ఫోన్లో రాయలేనండి. ముందు దగ్గర్లోని ఆరోగ్య కేంద్రంలో బీపీ చూపించుకోండి.” తెర మాయమైంది.

వెనక సీటులో ఎవరో “ఆమెన్” అన్నారు. పెట్టె అంతా నవ్వింది. మస్తాన్ తువ్వాలు నోటికడ్డం పెట్టుకుని, “అయ్యగారూ, ఆవిడ అడిగింది సీసా మందు కాదండి, బిళ్లల మందు” అన్నాడు. మళ్లీ కలపమని అతణ్ణి అడగడానికి మొహం చెల్లక, అప్పికట్ల దాటేదాకా గ్రంథం తెరిచి అందులో తల దూర్చాను.

బాపట్లలో దిగి, ఆటోలో ఆరోగ్య కేంద్రానికి వెళ్లాను. నర్సమ్మ చేతికి పట్టీ చుట్టి, అంకెలు చూసి, మళ్లీ చుట్టింది. నూట డెబ్భై మీద నూట పది. తర్వాత నా ఫోను నెంబరు కంప్యూటరులో కొట్టి చూసింది.

“ఏ మందులూ వాడట్లేదని మీరే చెప్పినట్టు ఇందులో ఉందేంటండి?”

నా నోటి మాటే నా మీద సాక్ష్యం! సంచిలోంచి ఖాళీ బిళ్లల షీటు, పాత చీటీ తీసి ఆమె ముందు పెట్టాను. ఆమె తన కంప్యూటరులో మళ్లీ డాక్టరును అడిగింది. ముప్పావుగంట ఎదురుచూశాక, చూద్దును గదా, ఆ డాక్టరమ్మే.

“ఇందాక అలా అన్నారేంటండి?”

“మందంటే… వేరే మందనుకున్నానమ్మా. క్షమించు.”

ఆమె నవ్వు ఆపుకుని నెల రోజులకు రాసింది. నర్సమ్మ అక్కడే బిళ్లలు ఇచ్చింది. “గుండె నొప్పిగాని, చెయ్యి తిమ్మిరిగాని వస్తే వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లండి. ఈరోజు ప్రసంగం మానేయండి” అంది డాక్టరమ్మ.

“అది మానలేనమ్మా.”

“అయితే కూర్చుని, మెల్లగా చెప్పండి. అరవడానికి లేదు.”

మధ్యాహ్నం కేంద్రంలోనే బల్ల మీద పడుకున్నాను. నాలుగింటికి మళ్లీ చూస్తే అంకెలు కాస్త దిగాయి. షేరింగ్ ఆటోలో అరగంటకు ఒడ్డు పల్లె చేరాను. అలల హోరులో, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, పాతికేళ్లలో మొదటిసారి గొంతు పెంచకుండా చెప్పాను. వినబడక జనం చాపలు ముందుకు జరుపుకున్నారు. అయిపోయాక చేపలమ్మే ఒక పెద్దావిడ నా దగ్గరికి వచ్చింది. “అయ్యగారూ, ఏటా వస్తున్నారు గాని, మీరు చెప్పేదేంటో ఈరోజే తెలిసిందండి.”

దానికి సంతోషించాలో బాధపడాలో ఇప్పటికీ తేల్చుకోలేదు. నెలకోసారి తేదీ కోసం రైలెక్కించే పద్ధతి మీద నా కోపం చల్లారలేదు, చల్లారదు కూడా. కానీ ఆ రోజు నాకు బిళ్లను దూరం చేసింది డాక్టరూ కాదు, సిగ్నలూ కాదు. ఎదుటివారి ప్రశ్న అర్థం కాకముందే తీర్పు చెప్పేసే నా నోరు. ఆ నోటితో ఎంతమంది గుమ్మాల ముందు ఎన్ని తీర్పులు చెప్పి వచ్చానో తలచుకుంటే, మెడ నొప్పి చిన్నదనిపించింది.

ఈ దారిన వెళ్లేవారికి ఒక్క మాట: షాపులో బిళ్లల షీటు కత్తిరించి ఇచ్చేటప్పుడు పేరున్న ముక్క అడిగి తీసుకోండి, ఫోనులో డాక్టరు కనబడగానే మీరు మాట్లాడకముందే దాన్ని చూపించండి.