సీరియల్‌ను ఆపేసిన సరోజత్త

నిన్న మా పాప రిమోట్‌తో టీవీ ఆపగానే, కోడుమూరులో మా పక్కింటి సరోజత్త గుర్తొచ్చింది. మన చిన్నప్పుడు వీధిలో కొత్త రకం సెట్‌టాప్ బాక్స్ మొదట వచ్చింది వాళ్లింటికే, గుర్తుందా? ఇంగ్లిషు అక్షరం రాని అత్త, ఏదో బటన్ నొక్కి, నడిచే సీరియల్‌ను అక్కడికక్కడే ఆపి, మళ్లీ అక్కడి నుంచే చూడొచ్చని కనిపెట్టింది.

బడి నుంచి వచ్చిన కూతురు లత నోరు తెరిస్తే చాలు, తెర మీద కోడలి ఏడుపు మధ్యలోనే ఆగిపోయేది. "నువ్వు చెప్పు పాపా, ఆయమ్మ యాడికీ పోదులే," అనేది అత్త. నేను గడపలో నిలబడి అదంతా చూసేదాన్ని.

మా అమ్మేమో, "ఉండుమే, అడ్వర్టైజ్‌మెంట్ రానీ," అనేది. అది రాగానే పొయ్యి మీది పాల కోసం పరిగెత్తేది.

ఆ లతంటే నాకిప్పటికీ కుళ్లే. పాటల పోటీలో నాకు ఫస్టు ప్రైజు వచ్చిన సంగతి మా అమ్మకు మూడోరోజు తెలిసింది. అదీ, లత నోట విన్న సరోజత్త చెబితే.