డజను బంతులకు రాత్రి వంతు ఇచ్చేసిన కోచ్

ప్రియ సహోదరులారా, రంజాన్ మాసంలో ఉపవాసమున్న కుర్రాళ్లను మధ్యాహ్నం మూడింటికి ఎండలో పరుగెత్తించి, అదీ తన తెలివేనని మీసం దువ్వుకున్న ఫుట్‌బాల్ కోచ్ ఈ ఒమాన్ మొత్తంలో నేనొక్కడినే! ప్రొద్దుటూరులో బట్టల దుకాణం గల్లాపెట్టె పక్కన పెరిగినవాణ్ణి, బేరమాడకుండా కొత్తిమీర కట్ట కూడా కొననివాణ్ణి. రుస్తాఖ్‌లో ఒక కాలేజీకి వ్యాయామ ఉపాధ్యాయుడిగా వచ్చి, మూడేళ్లలో ఫుట్‌బాల్ జట్టుకు హెడ్ కోచ్‌నయ్యాను. ఆ పదవి సగం ఆటతో, సగం మాటతో సంపాదించింది.

2008 రంజాన్‌లో, ఉపవాసం విడిచాక రాత్రి లైట్ల కింద మైదానం వాడుకునే వంతు మాకుండేది. దాన్ని మరో కాలేజీ కోచ్‌కు ఇచ్చేసి, బదులుగా డజను కొత్త బంతులు పట్టుకొచ్చాను. ఎంత లాభమో! మాకు మిగిలింది మండుటెండ.

"సార్, తల తిరుగుతోంది" అన్నాడు మా కెప్టెన్ హమద్.

"ఇంకో నాలుగు రౌండ్లు కొట్టు, రేపు సెలవిస్తా" అని వాడితోనూ బేరం పెట్టాను. మూడో రౌండులో వాడు బోర్లా పడిపోయాడు.

ఆసుపత్రిలో డాక్టరు అడిగితే, "ఇప్పుడే మొదలుపెట్టాం సార్, పది నిమిషాలు కూడా కాలేదు" అన్నాను. నిజం చెబితే ఉద్యోగం, వీసా రెండూ పోతాయి కదా! ఆయనేమో ఏదో విషజ్వరమనుకుని రక్త పరీక్షలు రాస్తున్నాడు, లోపల పిల్లవాడి ఒళ్లు పెనంలా కాలుతోంది, నేను వరండాలో మోకాళ్లూని "ప్రభువా, వీణ్ణి బ్రతికించు, నలభై రోజులు ఉపవాసం చేస్తాను... పోనీ, ఇరవై ఒకటి" అని ప్రార్థిస్తున్నాను. చూశారా, అక్కడ కూడా తగ్గింపే!

మన శుక్రవారం కూడికలో పాటలు నడిపించే గోదావరి జిల్లా మరియమ్మక్క అప్పట్లో రుస్తాఖ్‌లోనే ఒక ఇంట్లో వంటపని చేసేది. ఆమెకు ఫోన్ చేసి, జరిగిందంతా చెప్పి, ప్రార్థించమన్నాను.

"ఏంటి తమ్ముడూ, యేసయ్య దగ్గర కూడా బేరమేనా? నీ పస్తులు ఆయనకెందుకయ్యా? ముందెళ్లి డాక్టరు గారికి నిజం చెప్పు. నేనిక్కడ మోకాళ్ల మీదే ఉంటాను" అని ఫోన్ పెట్టేసింది.

"దేవా, ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదు. తప్పు నాది. వాణ్ణి కాపాడు" అన్నాను, లేచి వెళ్లి అంతా ఒప్పుకున్నాను. డాక్టరు నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ చెప్పకూడదు గానీ, వడదెబ్బని తేలగానే క్షణాల్లో ఐసు, తడిగుడ్డలు, సెలైను వచ్చాయి. ఈలోగా హమద్ తండ్రి వచ్చాడు, ఆయనకూ చెప్పాను. "బంతుల కోసం నా కొడుకును ఎండలో నిలబెట్టావా, కోచ్ సాబ్?" అని హిందీలో మెల్లగా అడిగాడు. నోరే పెట్టుబడిగా బ్రతికినవాణ్ణి, ఆయన ముందు "అవును" అని ఒక్క మాటే అన్నాను. సాయంత్రం మసీదులో బాంగు వినిపించే వేళకు హమద్ కళ్లు తెరిచి నీళ్లడిగాడు! దేవునికే మహిమ!

ఇప్పుడు నేను మరో కోచ్ కింద సహాయకుణ్ణి. మైదానంలో గుర్తులకు పెట్టే కోన్లు సర్దుతాను, కుర్రాళ్లు అలసిపోతే నేనే ముందు ఆపమంటాను, హాయిగా నిద్రపోతాను. మీలో ఎవరైనా ప్రభువుకు ధర చెబుతూ నిలబడి ఉంటే, ఆ ధర వదిలేసి నిజం పట్టుకుని ఆయన దగ్గరికి రండి, ఆయన తోసివేయడు!

ఇక చివరి లెక్క, దాచకుండా చెబుతాను. నా హెడ్ కోచ్ పదవి పోయింది, అది న్యాయమే. నా ఉద్యోగం నిలిచింది, అది కృప. హమద్ బ్రతికాడు, కానీ డాక్టరు వాణ్ణి మళ్లీ ఆడనివ్వలేదు. ఆ నష్టం నాది కాదు, వాడిది. నా వల్ల వచ్చింది.